సంధి వద్దన్న చోట

లైప్‌జిగ్‌లో నవంబరు. నాలుగింటికే దీపాలు.
పాత నూలు మిల్లు మూడో అంతస్తులో
నేను ఎఫ్‌కీ ఐకీ సంధి కుదురుస్తున్నాను.

ఎఫ్ తల ముందుకు వంగి ఉంటుంది,
ఏదో వినబోతున్నట్టు.
పక్కనే ఐ, నెత్తిన చుక్క.
ఢీకొంటాయి.
అందుకని ఒక వాక్యం రాస్తాను:
ఈ రెండూ పక్కపక్కన వస్తే
వాటి బదులు ఈ ఒక్కటి పెట్టు.
చుక్క వెళ్ళి ఎఫ్ కొక్కెంలో కరిగిపోతుంది.
ఎవరూ గమనించరు.
గమనించకుండా ఉండడానికే నాకు జీతం.

వరస ముఖ్యం.
మూడక్షరాల నియమం ముందు, రెండక్షరాలది తర్వాత.
తిరగేశానా,
మొదటి ఇద్దరూ చేతులు కలిపి లోపలికెళ్ళిపోతారు,
మూడోవాడు గుమ్మం బయట
నెత్తిన చుక్కతో తడుస్తుంటాడు.

రోస్విత క్యూనెల్‌కి డెబ్బై తొమ్మిది.
మంగళవారం మంగళవారం వస్తుంది.
ముప్ఫై ఏళ్ళు సీసపు అక్షరాలు పేర్చిన వేలు
నా తెరను తాకబోయి ఆగుతుంది, ముద్ర పడుతుందని.
మొదటి రోజే ఓ దగ్గుబిళ్ళల డబ్బా
బల్లమీద బోర్లించింది:
అన్నీ ఎఫ్‌లు. అన్నిటికీ ముక్కు విరిగింది.
"ఐ పక్కన విడిగా నిలబెట్టినవి," అంది.
"మా దగ్గర సంధి కుదరకపోతే ఎముకలు విరిగేవి."

నా జతను చూపించాను, గర్వంగానే.
అద్దాలు నుదుటి మీదికి తోసి చూసింది.
"బాగుంది. ఇప్పుడు షిల్ఫిన్సెల్ అని కొట్టు."
షిల్ఫ్ అంటే రెల్లు. ఇన్సెల్ అంటే దీవి.
కొట్టాను. నా నియమం నిద్రపోదుగా,
రెల్లు చివరి ఎఫ్‌నీ దీవి మొదటి ఐనీ
లటుక్కున కలిపేసింది.
"నీళ్ళు పూడ్చేశావు," అంది.
"ఇప్పుడది దీవి కాదు."

రెండు మాటలు ఒక సమాసంలో కాపురం చేయొచ్చు,
అంచులు మాత్రం కుట్టేయకూడదు.
ఫ్లీగె అంటే ఈగ, అక్కడ ఎఫ్, ఎల్ కలవొచ్చు,
అది ఒకే ఒంటి ఎముక.
ఔఫ్లాగె అంటే ముద్రణ, అక్కడ కలవకూడదు,
'పైన' అని ఒకటి, 'ఉంచడం' అని ఒకటి,
మధ్యలో ఊపిరి పట్టేంత సందు.
ఆ సందు మూసినందుకు, డెబ్బై నాలుగులో,
ఫోర్‌మన్ ఆమె చేత పేజీ మొత్తం విప్పించాడట,
చివరి ట్రాము వెళ్ళిపోయేదాకా.

"నువ్వేం విప్పుతావు?" అని అడిగింది.
చూపించాను: రెంటి మధ్య
కనబడని గుర్తొకటి పెడితే చాలు.
వెడల్పు సున్నా. బరువు సున్నా.
అది ఉన్నంతసేపూ వాటికి
ఒకదాన్నొకటి ముట్టుకోవాలని తోచదు.
చాలాసేపు తెరనే చూసింది.
"మా ఆయనతో ముప్ఫై ఆరేళ్ళున్నాను," అంది.
"మా ఇంట్లోనూ ఒకటుండేది."
తర్వాత కాఫీ అడిగింది. చక్కెర మూడు చెంచాలు.

అప్పట్నుంచి వారానికో చీటీ:
రొట్టె కవర్ల వెనక, పెన్సిల్‌తో,
మాటలు, మాటల్ని చీలుస్తూ నిలువు గీతలు.
గోరంత నియమానికి కొండంత మినహాయింపు.
రెండు వందల పదకొండు దాకా లెక్కపెట్టి మానేశాను.

జనవరిలో మెట్లెక్కలేనని టపాలో పంపింది.
పన్నెండు మాటలు. పదకొండింటికి గీతలున్నాయి.
పన్నెండోది నా గోథిక్ అక్షరాల కోసం,
అక్కడ ఎస్‌కీ టీకీ కూడా సంధి ఉంది.
ఎస్ ముందు కోస్తే కావలివాళ్ళ గది,
ఎస్ దాటాక కోస్తే మైనం గొట్టం.
పలికితే తేడా తెలుస్తుంది. రాస్తే తెలీదు.
ఏ నియమం రాసినా ఎక్కడో ఒక సిపాయి
తుపాకీ గోడకానించి
మైనంలో కాలు పెడతాడు.

గీత పెట్టలేదు. మాట పక్కన ఇంతే:
"రాసినవాణ్ణి అడుగు."

కోడ్‌లో ఆ చోట అదే మాట వ్యాఖ్యగా పెట్టాను.
యంత్రం వ్యాఖ్యలు చదవదు.
ఎఫ్‌ల డబ్బా ఇంకా నా బల్లమీదే ఉంది,
కింద ట్రాము వెళ్ళినప్పుడల్లా
సన్నగా గలగలమంటుంది.